పాండా తలుపు తీసిందా? భీమవరంలో వేసిన ఒక సాల్మన్ లెక్క

2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రొయ్యకి పాత యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (సర్కారు సబ్సిడీకి విరుగుడుగా వేసేది) డ్యూటీలు కూడా కలిసి అది 58 శాతం దాటింది. మన రొయ్యకి అన్నింటికన్నా పెద్ద మార్కెట్ అమెరికాయే కాబట్టి, ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచి గోదావరి జిల్లాల్లో చెరువు గట్ల మీద వేరే మాట లేదు. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర ఎంత పడింది, రొయ్య ఇప్పుడే పట్టేద్దామా, ఇంకో వారం మేత వేసి చూద్దామా, ఇదే టెన్షన్.

ఆ రోజుల్లో భీమవరంలో కొందరు ఎగుమతిదారులు, పెద్ద రైతులు కొత్త మార్కెట్ల గురించి మాట్లాడుకోడానికి కూర్చుని నన్ను కూడా పిలిచారు. టీలు అయ్యాక ఒకాయన అందుకున్నాడు. "చైనావాడు ఓ జత పాండాలిచ్చి దేశాలకు దేశాల్నే బుట్టలో వేసుకుంటున్నాడు కదండీ మేష్టారూ. మన పుంగనూరు దూడల్ని ఓ జత ఎవరికైనా ఇప్పించమని ఢిల్లీకి రాయిద్దాం. ముద్దుగా ఉంటాయి, ఎవడైనా పడిపోతాడు." అందరూ నవ్వారు. నవ్వులు అయ్యాక చూస్తే సగం మంది నిజంగానే అడుగుతున్నారు. జంతువుని ఇస్తే మార్కెట్ తెరుచుకుంటుందా, తెరుచుకోదా, ఏదో ఒకటి తేల్చి నోట్ రాసిమ్మన్నారు. ఆ నోట్ కోసం చేసిన పనే ఈ కేస్.

నన్నే ఎందుకు అడిగారంటే, నా ఉద్యోగ జీవితమంతా ఈ డెల్టా కాలేజీల్లో ఎకనామిక్స్ చెబుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా దేశాలు ఒకదానికొకటి ఇచ్చుకునే జంతువుల లెక్కలు చూస్తూ గడిచింది. పీహెచ్‌డీకి చేరినప్పుడే మా గైడు గారు చెప్పారు: "ఎరువుల సబ్సిడీ మీద చెయ్యవయ్యా, ప్రమోషన్ వస్తుంది." నేను వినలేదు. స్టాఫ్ రూములో నా సబ్జెక్టుకి జూ ఎకనామిక్స్ అని పేరు పెట్టారు. రాజనీతి శాస్త్రం వాళ్ళు నా పేపర్లలో సిద్ధాంతం తక్కువంటారు, ఎకనామిక్స్ వాళ్ళు జంతువులు ఎక్కువంటారు. ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు ఈ రెండు మాటలూ పడడానికి సిద్ధపడే రావాలి.

రంగం గురించి నాలుగు మాటలు చెప్పాలి. బెదిరించో డబ్బిచ్చో కాకుండా, ఆకర్షణతో ఎదుటి దేశాన్ని మన వైపు తిప్పుకోవడాన్ని సాఫ్ట్ పవర్ అని 1990లో పేరు పెట్టినవాడు హార్వర్డ్ ఆచార్యుడు జోసెఫ్ నై. జంతువులు ఇచ్చుకోవడం అంతకంటే చాలా పాతది, రాజుల కాలం నాటిది. చైనా 1957లో సోవియట్ యూనియన్‌కి పాండాని ఇచ్చింది. 1972లో నిక్సన్ పర్యటన తరవాత లింగ్-లింగ్, సింగ్-సింగ్ అనే పాండాలు వాషింగ్టన్ చేరాయి. 1980ల మొదట్లో ఊరికే ఇవ్వడం ఆపేసి అద్దెకివ్వడం మొదలుపెట్టారు. 1990ల నుంచి అది స్థిరపడింది: సాధారణంగా పదేళ్ళ ఒప్పందం, జతకి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా రుసుము, పుట్టిన పిల్లలు కూడా చైనావే. ఆ డబ్బు పాండాల సంరక్షణకి వెళ్తుందని ఒప్పందాల్లో రాసుకుంటారు. అంటే ఇప్పుడు పాండా బహుమతి కాదు, లీజు. డబ్బు కట్టేది తెచ్చుకున్నవాడు. మీటింగులో ఈ ముక్క చెప్పగానే సగం ఉత్సాహం చల్లారింది.

మన దేశానికీ ఇలాంటి చరిత్ర ఉంది. యుద్ధ కాలంలో టోక్యోలోని ఉయెనో జూలో ఏనుగుల్ని పస్తులుంచి చంపేశారు. తరవాత అక్కడి పిల్లలు మాకో ఏనుగు కావాలని నెహ్రూకి ఉత్తరాలు రాస్తే, 1949లో మైసూరు ఏనుగొకటి ఓడెక్కి వెళ్ళింది. దానికి ఇందిర అని పేరు. 1983లో చనిపోయేదాకా ఆ ఊరి పిల్లలకి అదే ముద్దుబిడ్డ. దానికి రుసుమూ లేదు, పక్కన వ్యాపార ఒప్పందమూ లేదు. నై చెప్పిన ఆకర్షణకి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. దానివల్ల మన ఎగుమతులు ఎంత పెరిగాయని అడిగితే మాత్రం లెక్క కట్టే దారే లేదు. మా రొయ్యలవాళ్ళు అడిగింది మనసుల గురించి కాదు, కంటైనర్ల గురించి. అందుకే ఏనుగుని పక్కన పెట్టాను.

అసలు చిక్కు

పాండా వెళ్ళిన దేశాలతో చైనా వ్యాపారం ఎక్కువగా ఉంటుంది, ఇది నిజం. కానీ అది పాండా వల్లనేనా? మన దగ్గర గోదావరికి ఎర్రనీరు రాగానే యానాం నుంచి ఐసు పెట్టెల్లో పులసలు హైదరాబాద్ బయల్దేరతాయి. అందుకున్న ఆయన మర్నాడు ఫైలు మీద సంతకం పెట్టాడనుకోండి. పులస తిని పెట్టాడా, ఎలాగూ పెట్టబోతున్నాడని తెలిసే పులస పంపారా? పుస్తెలమ్మి కొనాల్సిన చేపని, పని కాదని తెలిసిన చోటికి ఎవరూ పంపరు. అందుకని పులసలు వెళ్ళిన ఇళ్ళ జాబితా, పనులైన ఫైళ్ళ జాబితా పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ అచ్చంగా కలుస్తాయి. దాన్నిబట్టి పులసకి సంతకం పెట్టించే శక్తి ఉందని రాసేస్తే మాత్రం లెక్క తప్పు.

పాండాల మీద వచ్చే లెక్కల్లో సగానికి పైగా ఈ తప్పు చేస్తాయి. రెండు దేశాల ఆర్థిక పరిమాణాన్ని బట్టి, దూరాన్ని బట్టి వాటి మధ్య వ్యాపారం ఎంత ఉండాలో అంచనా వేసే గ్రావిటీ మోడల్ ఒకటుంది. యాన్ టిన్‌బర్గెన్ 1962లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. అందులో పాండా ఉంటే 1, లేకపోతే 0 అని ఒక కాలమ్ చేర్చి నడిపితే కంప్యూటర్ ఏదో ఒక జవాబు ఇస్తుంది. ఆ జవాబు నాకు పనికిరాదు. ఆ 1 ఎవరికి పడుతుందో ముందే వ్యాపారం నిర్ణయించేసి ఉంటుంది. అందుకని ప్రపంచమంతా పరచుకోకుండా ఒక్క జతని, ఒక్క సరుకుని పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దామనుకున్నాను. జత ఎడిన్‌బరా జూకి వెళ్ళిన టియాన్ టియాన్, యాంగ్ గువాంగ్. సరుకు సాల్మన్. ఆ జత వచ్చిందీ, వెళ్ళిపోయిందీ కూడా అయిపోయింది కాబట్టి కథ పూర్తిగా మన ముందుంది. పైగా చల్లబెట్టి విమానంలో పంపే చేప కష్టం రొయ్యలవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఎడిన్‌బరాలో జరిగింది

2011 జనవరిలో అప్పటి చైనా ఉప ప్రధాని లీ కెచియాంగ్ బ్రిటన్ వెళ్ళాడు. ఆ పర్యటనలో 260 కోట్ల పౌండ్ల ఒప్పందాలు ప్రకటించారు. పాండాల ఒప్పందం కూడా అప్పుడే జరిగింది. స్కాట్లాండ్ సాల్మన్‌ని నేరుగా చైనాకి పంపే ఏర్పాటు కూడా అప్పుడే. 2011 డిసెంబర్ 4న పాండాలు చెంగ్డూ నుంచి ప్రత్యేక విమానంలో దిగాయి. రుసుము ఏడాదికి దాదాపు 6 లక్షల పౌండ్లు, అప్పటి మారకంలో మన డబ్బుల్లో 5 కోట్లకి దగ్గర. స్కాట్లాండ్‌లో కన్సర్వేటివ్ ఎంపీ ఒక్కడే, పాండాలు మాత్రం రెండు అని అక్కడివాళ్ళు చాలా కాలం జోకులేసుకున్నారు. మన గోదావరోళ్ళకి ఏమాత్రం తీసిపోరు.

పత్రికలకి ఇది చాలు. పాండా వచ్చింది, సాల్మన్ వెళ్ళింది. 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కొందరు పాండా లీజులకీ వ్యాపార ఒప్పందాలకీ ఉన్న దగ్గరితనం మీద పేపర్ రాశాక ఈ మాట ఇంకా గట్టిపడింది. నిజానికి ఆ పేపర్ సారం వేరు: పాండా ఇవ్వడమంటే దీర్ఘకాల సంబంధానికి ముద్ర వెయ్యడం అని. ముద్ర వేరు, కారణం వేరు. పత్రికలవాళ్ళు రెండూ ఒకటిగా చదివారు.

నాకు ఈ పనిలో తోడున్నది నా దగ్గర చదువుకుని, ఇప్పుడు ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో డాక్యుమెంటేషన్ చూస్తున్న అమ్మాయి. ఐక్యరాజ్యసమితి వాణిజ్య గణాంకాల్లోంచి సాల్మన్ వరసలు దించింది. దించగానే ఒక వింత కనపడింది. 030214 అనే కస్టమ్స్ కోడ్ కింద తాజా అట్లాంటిక్ సాల్మన్ 2011 దాకా సున్నా. 2012 జనవరి నుంచి దండిగా ఉంది. డిసెంబర్‌లో పాండాలు దిగాయి, జనవరిలో సాల్మన్ పుట్టింది! తెలియనివాడైతే ఈ బొమ్మ ఒక్కటే వేసుకుని సెమినార్లన్నీ తిరిగొస్తాడు. ఆ అమ్మాయి రోజూ షిప్పింగ్ బిల్లులు చూసే మనిషి కాబట్టి వెంటనే పట్టేసింది. 2012లో ప్రపంచమంతటా కస్టమ్స్ కోడ్‌లు మారాయి. అంతకు ముందు పసిఫిక్, అట్లాంటిక్ సాల్మన్‌లన్నీ 030212 అనే ఒక్క కోడ్‌లో ఉండేవి. అప్పుడు దాన్ని 030213గా, 030214గా విడగొట్టారు. పాత వరసని కొత్త వరసలతో అతికించగానే ఆ అద్భుతం మాయమైంది. మిగిలింది మామూలు పెరుగుదల. అది 2011లోనే, పాండాలు విమానం ఎక్కకముందే మొదలైంది. ఎకనామిక్స్ పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే: మోడల్ నేర్చుకోడానికి పెట్టే టైములో సగం కోడ్ పుస్తకం మీద పెట్టండి.

పాండాలు రాకముందే సాల్మన్ ఎందుకు కదిలింది? జవాబు స్కాట్లాండ్‌లో లేదు, నార్వే రాజధాని ఓస్లోలో ఉంది. 2010 అక్టోబర్‌లో నోబెల్ శాంతి బహుమతి చైనా జైల్లో ఉన్న ప్రజాస్వామ్య ఉద్యమకారుడు లియు షియాబోకి ప్రకటించారు. ఆ బహుమతి ఇచ్చే కమిటీ సభ్యుల్ని నార్వే పార్లమెంటు నియమిస్తుంది. చైనాకి కోపం వచ్చింది. అప్పటిదాకా చైనాలో తాజా సాల్మన్ మార్కెట్ అంటే దాదాపు నార్వేదే, 90 శాతానికి పైగా. 2011 మొదట్లో చైనా తనిఖీ నిబంధనలు బిగించింది. నిషేధం అని ఎక్కడా రాయలేదు. వెటర్నరీ పరీక్షలు, శాంపిళ్ళు, అవి తేలేదాకా ఆగడం, అంతే. తాజా చేప ఎయిర్‌పోర్టు గోడౌన్‌లో నాలుగు రోజులు ఆగితే ఏమవుతుందో మన ఐసు ప్లాంట్లవాళ్ళని అడగండి. నార్వే వాటా రెండు మూడేళ్ళలో మూడో వంతు కిందికి పడిపోయింది.

చైనా జనం సాల్మన్ తినడం మానలేదు. ఆ ఖాళీలోకి ఎవరు దూరారన్నదే ఈ కేస్‌కి ప్రాణం. స్కాట్లాండ్ దూరింది, సరే. ఫారో దీవులు కూడా దూరాయి. ఉత్తర అట్లాంటిక్‌లో గొర్రెలు, చేపలు తప్ప పెద్దగా ఏమీ లేని ఆ చిన్న దీవులకి పాండాలు ఎవరూ ఇవ్వలేదు. నేను ఇది చూసి సంతోషిస్తుంటే అమ్మాయి అడ్డు తగిలింది. "ఫారో డెన్మార్క్ రాజ్యంలోదే కదండీ సార్. డెన్మార్క్‌కి పాండాలు ఇచ్చారు కదా?" మంచి ప్రశ్న. తేదీలు చూశాం. డెన్మార్క్ రాణి చైనా పర్యటనలో పాండాల మాట కుదిరింది 2014లో. అవి కోపెన్‌హాగన్ చేరింది 2019లో. ఫారో చేప చైనాలో ఊపందుకున్నది అంతకు ముందే. కాబట్టి ఫారోని పాండా లేని దేశంగా లెక్కేసుకోవచ్చు. పాండా ఉన్న స్కాట్లాండ్‌కీ, లేని ఫారోకీ ఒకే కాలంలో ఒకే దిశలో పెరుగుదల వస్తే ఆ పెరుగుదలని పాండా ఖాతాలో ఎలా రాస్తాం?

ఇంకో దేశం వరస కూడా అప్పుడే లేచింది. అది మా వాళ్ళకి బాగా తెలిసిన పేరు: వియత్నాం. నార్వే నుంచి వియత్నాంకి సాల్మన్ ఒక్కసారిగా పెరిగిపోయింది. వియత్నాం జనం అంత సాల్మన్ తినరు. అందులో చాలా భాగం సరిహద్దు దాటి చైనాకే చేరిందని ఈ విషయం మీద పనిచేసిన ఆర్థికవేత్తలు చూపించారు. మీటింగులో ఈ స్లయిడ్ వేసినప్పుడు వెనక వరసలోంచి నవ్వు వినిపించింది. మన రొయ్య కూడా ఏళ్ళ తరబడి అదే దారి తొక్కింది మరి. కాగితం మీద వియత్నాం, కడుపులోకి వెళ్ళేది చైనాలో. 2018, 2019 ప్రాంతంలో చైనా ఆ దొడ్డిదారి బిగించాక మన వియత్నాం అంకె పడిపోయి చైనా అంకె లేచింది. గణాంకాల్లో దేశం పేరు చూసి నమ్మేసేవాళ్ళకి ఈ ఒక్క సంగతి చాలు.

మరి స్కాట్లాండ్‌కి ఆ ఒప్పందం వల్ల ఏమీ ఒరగలేదా? ఒరిగింది. అయితే పాండా ఒప్పందం వల్ల కాదు, సాల్మన్ ఒప్పందం వల్ల. దాని అసలు సరుకు ఆరోగ్య ధ్రువపత్రం: ఈ చేప, ఈ పరీక్షలతో, ఈ ముద్రతో వస్తే మా రేవులో దించుకుంటాం అన్న ఏర్పాటు. నార్వే తలుపు మూసిందీ వెటర్నరీ కాగితమే, స్కాట్లాండ్ తలుపు తీసిందీ వెటర్నరీ కాగితమే. అదే వారంలో ఫొటోల్లో కనపడిన పాండా, గృహప్రవేశానికి వచ్చిన చుట్టం. ఇల్లు కట్టింది వేరేవాళ్ళు. ఎడిన్‌బరా జూ ఆ పాండాల కోసం అప్పటికే ఐదేళ్ళుగా మాట్లాడుతోంది, అంటే నోబెల్ గొడవకి చాలా ముందు నుంచే. సాల్మన్ కోసం పాండా పుట్టలేదు, పాండా కోసం సాల్మన్ కదల్లేదు. రెండు ఫైళ్ళూ ఒకే పర్యటనలో సంతకానికి వచ్చాయి.

ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది అన్నది చూస్తే ఇంకా రంజుగా ఉంటుంది. రుసుము, వెదురు, ఏసీలు, డాక్టర్లు, ఇవన్నీ జూ నడిపే సంస్థవి. అది విరాళాలతో, టిక్కెట్లతో నడిచే సంస్థ. మొదటి ఏడాది జనం విరగబడ్డారు, తరవాత సందడి తగ్గింది. టియాన్ టియాన్‌కి కృత్రిమ గర్భధారణ మళ్ళీ మళ్ళీ చేసినా పిల్ల పుట్టలేదు. మగదానికి కేన్సర్ వస్తే 2018లో ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. లీజు 2021లో ముగియాల్సింది, రెండేళ్ళు పొడిగించి 2023 డిసెంబర్‌లో పంపేశారు. సాల్మన్ లాభం మాత్రం సాల్మన్ కంపెనీలది. స్కాట్లాండ్‌లో చేపలు పెంచే పెద్ద కంపెనీల్లో చాలావాటికి యజమానులు నార్వేవాళ్ళే! చైనా కోపం నార్వే మీద. ఆ కోపంలోంచి పుట్టిన గిరాకీ కొంత స్కాట్లాండ్ మీదుగా మళ్ళీ నార్వే వాటాదారుల జేబులోకే వెళ్ళింది. 2016 డిసెంబర్‌లో రెండు దేశాలూ రాజీపడ్డాయి, నార్వే చేప మెల్లగా వెనక్కి వచ్చింది. స్కాట్లాండ్ పాండాలు వెళ్ళిపోయాక కూడా స్కాట్లాండ్ సాల్మన్ చైనాకి వెళ్తూనే ఉంది.

పాండాని పోషించలేక చేతులెత్తేసిన జూ కూడా ఉంది. ఫిన్లాండ్‌లో ఆహ్తారి అనే చిన్న ఊరి జూ 80 లక్షల యూరోలకి పైగా పెట్టి పాండాల ఇల్లు కట్టింది. 2018లో అవి వచ్చాయి. ఏడాది ఖర్చు 15 లక్షల యూరోలు. కోవిడ్‌లో జనం రాలేదు, తరవాత ధరలు పెరిగాయి. పదిహేనేళ్ళకి అనుకున్న జంటని 2024 నవంబర్‌లో తిరిగి పంపేశారు. దాని వల్ల ఫిన్లాండ్, చైనాల మధ్య వ్యాపారం ఏమీ కుప్పకూలలేదు. జూ అప్పులు మాత్రం జూవే.

దూడల సంగతి

పుంగనూరు దూడల మాట నోట్‌లో ఒక్క పేరాలో తేల్చేశాను. మన దేశంలో గాలికుంటు వ్యాధి ఉంది. ఆ వ్యాధి లేని ధనిక దేశాలు మన దగ్గర్నుంచి బతికున్న పశువుల్ని దిగుమతి చేసుకోవు. తలుపు తియ్యమని పంపే దూడే తలుపు దగ్గర ఆగిపోతుంది.

అయితే పశువుల పేరెత్తాక ఒక విషయం రాయకుండా ఉండలేకపోయాను. మన నేల నుంచి వెళ్ళి ప్రపంచ వ్యాపారాన్నే మార్చిన జంతువు ఒకటుంది, ఒంగోలు గిత్త. పందొమ్మిదో శతాబ్దం నుంచి బ్రెజిల్ పశుపోషకులు వాటిని కొనుక్కుపోయారు. 1960ల మొదట్లో చివరి పెద్ద దిగుమతి జరిగింది. వాటిని ముందు ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో క్వారంటైన్‌లో పెట్టారు. ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరుతో కర్వాది అనే గిత్త అక్కడ మహావంశానికి మూలపురుషుడైంది. నెల్లూరు పేరు మీద అక్కడ ఆ జాతి నెలోరె. బ్రెజిల్ మాంసపు పశువుల్లో అత్యధిక భాగం ఇవాళ నెలోరె, లేదా దాని సంకరమే. 2023లో వియాటినా-19 అనే నెలోరె ఆవుకి 43 లక్షల డాలర్ల విలువ కట్టారు, గిన్నిస్ రికార్డు. మరి మనకేం వచ్చింది? గిత్త అమ్మిన రైతుకి ఆ రోజు ధర. రాయల్టీ లేదు. జన్యు సంపద మీద దేశాలకి హక్కుందని చెప్పిన జీవవైవిధ్య ఒప్పందం 1992 దాకా రాలేదు. అది ఏ ప్రధానీ ఇచ్చిన బహుమతి కాదు, దండ వేసి ఫొటో తీసిందీ లేదు. జంతువుల దౌత్యం మీద పనిచేసే నాబోటివాళ్ళం ఎక్కువగా దండలు వేసిన జంతువుల్నే లెక్కపెడతాం. డబ్బు మాత్రం ఎక్కువగా దండ లేని జంతువుల వెనకే నడిచింది. మన డెల్టాలో వనామీ రొయ్యనే చూడండి. 2009లో అనుమతి వచ్చాక, హవాయి లాంటి చోట్ల నుంచి తల్లి రొయ్యలు విమానంలో వచ్చి, చెన్నైలో క్వారంటైన్ దాటి హేచరీలకి చేరాయి. ఎవరూ రిబ్బన్ కట్ చెయ్యలేదు. వరిచేలన్నీ చెరువులైపోయాయి.

నోట్‌లో రాసింది

చివరికి సభ్యులకి ఇచ్చిన సలహా చప్పగానే ఉంది. జంతువు కోసం ఢిల్లీకి రాయకండి. రాసేదుంటే పరీక్షల గురించి రాయండి. అప్పటికి యూరప్ వాళ్ళు మన రొయ్యల సరుకులో సగం కన్సైన్‌మెంట్లని యాంటీబయాటిక్స్ కోసం పరీక్షిస్తున్నారు. ఆ సగం తగ్గితే వచ్చే లాభం ఏ దూడా తేలేదు. 2025 సెప్టెంబర్‌లో యూరోపియన్ యూనియన్ మన దేశంలో ఇంకో 102 చేపల, రొయ్యల ఎగుమతి యూనిట్లకి అనుమతి ఇచ్చింది. ఆస్ట్రేలియా 2017లో వైట్‌స్పాట్ అనే రొయ్యల రోగం భయంతో పచ్చి రొయ్య మీద తలుపేసింది. 2025 అక్టోబర్‌లో పొట్టు తియ్యని రొయ్యకి షరతులతో దారిచ్చింది. ఈ రెండూ జరిగింది లాబ్ రిపోర్టులతో, తనిఖీ బృందాలతో, ఏళ్ళ తరబడి నడిచిన ఉత్తరాలతో. సాల్మన్ కథలో పనిచేసిందీ అవే.

అందరూ ఒప్పుకున్నారని చెప్పను. దూడల మాట ఎత్తినాయన అన్నాడు: "కాగితం తయారయ్యాక కూడా సంతకం పెట్టేవాడి మూడ్ బాగుండాలి కదండీ. ఆ మూడ్ కోసమే పాండా." దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సంతకం రెండు నెలలు ముందు పడిందా, వెనక పడిందా అన్నది వార్షిక గణాంకాల్లో కనపడదు. నెలవారీ లెక్కల్లో కొంత కనపడొచ్చు కానీ, అదే నెలలో ఉప ప్రధాని పర్యటన కూడా ఉంటే దేన్ని దేన్నుంచి విడదీస్తాం? నోట్‌లో ఆయన అభ్యంతరాన్ని ఆయన మాటల్లోనే రాసి పెట్టాను.

ఇప్పుడు అదే పద్ధతిలో ఇంకో కేస్ పట్టుకున్నాం, మనకి బాగా దగ్గరిది. మన పులసా బంగ్లాదేశ్ ఇలీషూ ఒకటే చేప. 1996లో గంగా జలాల ఒప్పందానికి ముందు బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసుకి ఇలీష్ ఇచ్చిన సంగతి అక్కడి పత్రికలు ఇప్పటికీ తలుచుకుంటాయి. 2011లో తీస్తా నది నీళ్ళ పంపకం ఒప్పందం ఆగిపోయింది. 2012లో బంగ్లాదేశ్ ఇలీష్ ఎగుమతి నిషేధించింది. 2019 నుంచి దుర్గాపూజకి ప్రత్యేక అనుమతులు మొదలయ్యాయి. 2024లో అక్కడ ప్రభుత్వం మారాక ముందు ఇవ్వమన్నారు, తరవాత 3,000 టన్నులకి సరేనన్నారు. 2025లో 1,200 టన్నులకి దించి, కిలోకి కనీస ధర 12.5 డాలర్లు పెట్టారు. సంబంధాలు చెడితే చేప ఆగుతుంది, బాగుపడితే వస్తుంది అని అందరూ అనేస్తారు. కానీ అదే ఏడాదుల్లో పద్మా నదిలో చేప ఎంత పడింది, ఢాకా బజారులో ధర ఎంత, ఇవి పక్కన పెట్టకుండా ఆ మాట రాయలేం. పైగా అనుమతించిన టన్నులు వేరు, నిజంగా బేనాపోల్ సరిహద్దు దాటిన టన్నులు వేరు. రెండోది ఎప్పుడూ బాగా తక్కువే. ఆ అమ్మాయి ప్రస్తుతం 2019 నుంచి ఏడాదికొకటిగా ఈ రెండు వరసల్నీ కూరుస్తోంది. ధరల వరస పని నాది.